ఆ సినిమా చూసి నిద్రపట్టలేదన్నవారికి

ఆసుపత్రికి వచ్చేవారు మమ్మల్ని అడిగేవన్నీ మందుల గురించే ఉండవు. "సిస్టర్‌గారూ, రాత్రి ఒక సినిమా చూశాను, పొద్దున లేచినా గుండె దడగానే ఉంది, ఇ.సి.జి. తీయించుకోవాలా?" అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఇదివరకు సినిమా అంటే హాలుకు వెళ్ళాలి, టికెట్టు కొనాలి, నలుగురితో కూర్చోవాలి. ఇప్పుడు సెల్‌ఫోనులో ఏ భాష సినిమా అయినా, ఏ వేళకైనా, దుప్పటి కప్పుకుని ఒంటరిగా చూడవచ్చు. అలా చూసినవాటిలో మా చెవిన తరచుగా పడిన పేరు 'విసారణై'. తమిళ సినిమా. మన మాటలో విచారణ.

మా నర్సింగ్ విద్యార్థినులు హాస్టల్‌లో చూశారు. సంఘంలో కొన్ని కుటుంబాలు చూశాయి. వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి గనుక మేమూ చూశాము. ఒకే రోజు పూర్తిచేయలేకపోయామని చెప్పడానికి మాకేమీ సిగ్గు లేదు.

కథ గుంటూరుది

కోయంబత్తూరుకు చెందిన ఎం. చంద్రకుమార్ అనే ఆటో డ్రైవరు రాసిన 'లాకప్' అనే పుస్తకం ఈ సినిమాకు ఆధారం. 1983లో ఆయన గుంటూరులో ఉండగా, చేయని నేరానికి పోలీసులు పట్టుకుపోయారు. అక్కడ తాను పడినదే తరువాత పుస్తకంగా రాశారు. దర్శకుడు వెట్రిమారన్ దానిని తన సొంత సంస్థ, నటుడు ధనుష్ సంస్థ కలిసి పెట్టిన పెట్టుబడితో తీశారు. హీరో ఎగిరి తన్నడాలు లేవు, డ్యూయెట్లు లేవు. దాదాపు రెండు గంటలలో అయిపోతుంది. 2015 సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవంలో మొదట చూపించారు. అక్కడ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇటలీ శాఖ బహుమతి ఇచ్చింది. 2016 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైంది, అదే సంవత్సరం ఆస్కార్ పోటీకి భారతదేశం తరఫున వెళ్ళింది. మంచి పోలీసు అధికారిగా నటించిన సముద్రఖనికి జాతీయ అవార్డు వచ్చింది. 'అల వైకుంఠపురములో' చూసినవారికి ఆయన ముఖం తెలుసు. కొట్టే ఇన్‌స్పెక్టరు మన అజయ్ ఘోష్, 'పుష్ప'లో కొండారెడ్డి.

గుంటూరులో కూలీనాలీ చేసుకుంటూ, రాత్రిళ్ళు పార్కులో పడుకునే నలుగురు తమిళ కుర్రవాళ్ళను పోలీసులు పట్టుకుపోతారు. ఎక్కడో జరిగిన దొంగతనం ఒప్పుకోమంటారు. ఒప్పుకోరు. మొదటి సగమంతా అదే. కోర్టులో ఒక తమిళ పోలీసు అధికారి వారి మాటలను తర్జుమా చేసి చెప్పడంతో బయటపడతారు. అమ్మయ్య అనుకునేలోపే ఆ అధికారి చేయించుకున్న చిన్న సహాయం వారిని ఇంకా పెద్ద గోతిలోకి దించుతుంది. తరువాతి కథ మేము చెప్పము.

చూసినవారు చెప్పే మాటలు చాలావరకు ఒకేలా ఉంటాయి. "కళ్ళు మూసుకున్నాను, శబ్దం మాత్రం వినబడుతూనే ఉంది." "మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళాను." "గొప్ప సినిమాయే గాని రెండోసారి నన్ను చూడమనవద్దు." రజనీకాంత్ వంటివారు బహిరంగంగా మెచ్చుకున్న సినిమా ఇది. మెచ్చుకున్నవారిలో చాలామంది కూడా చూడటం కష్టమైందనే చెప్పారు.

తెలుగువారికి మాత్రం ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు లేదు. దెబ్బలు తినేవారికి తెలుగు రాదు. ఏమి అడుగుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలియక బిత్తరచూపులు చూస్తుంటారు. తమిళ ప్రేక్షకుడు వారితోపాటు ఆ అయోమయంలో ఉంటాడు. మనకు మాత్రం ప్రతి తిట్టూ, ప్రతి మాటా అర్థమవుతుంది. అర్థమయ్యేది కొట్టేవారి భాష. మా విద్యార్థినులలో ఒక అమ్మాయి, "మేడమ్, వాళ్ళు ఏమి అడుగుతున్నారో నేనే లోపలికి వెళ్ళి తమిళంలో చెప్పాలనిపించింది" అన్నది. ఆమెకు తమిళం రెండు ముక్కలు కూడా రాదు. వార్డులో భాష రాని రోగి మంచం దగ్గర నిలబడినప్పుడు ఇదే ఆత్రం ఉంటే మంచి నర్సు అవుతుందని మేము అనుకున్నాము.

గుండె ఎందుకు దడదడలాడుతుంది

చూసేది తెర అని మనకు తెలుసు. ఒంటికి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. కంటికి, చెవికి ప్రమాదం తోచగానే మెదడు హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల పైన టోపీలా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ విడుదల చేస్తాయి. నాడి వేగం, బి.పి. పెరుగుతాయి, అరచేతులు చెమటపడతాయి, నోరు ఎండుతుంది. కుక్క తరిమితే పరుగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇదే. ఇక్కడ పరుగెత్తే పని లేదు. అందుకే ఆ శక్తి ఎటూ పోక చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు.

దెబ్బ పడేటప్పటికంటే దెబ్బ కోసం ఎదురుచూసేటప్పుడే ఎక్కువ కష్టం. ఈ సినిమాలో లాకప్ తలుపు గొళ్ళెం చప్పుడుకే చాలామంది ముడుచుకుపోయారు. మాకిది కొత్త కాదు. టీకాల రోజున పిల్లలు సూది గుచ్చినప్పటికంటే, సిరంజి చూసి, ముందున్న బిడ్డ ఏడుపు విని ఎక్కువ ఏడుస్తారు.

భయపడితే రక్తం గడ్డకడుతుందనే మాట మనలో ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వైద్యులు దీనిని నిజంగానే పరీక్షించి 2015లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 24 మంది యువతీయువకులకు ఒక దెయ్యాల సినిమా, ఒక మామూలు డాక్యుమెంటరీ వేర్వేరు రోజులలో చూపించి, ముందూ తరువాతా రక్తం తీశారు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8 అనే పదార్థం భయపెట్టే సినిమా తరువాత పెరిగింది. కాని అసలు గడ్డలు కట్టిన సూచన ఏదీ కనబడలేదు. శరీరం గాయానికి సిద్ధపడి ఊరుకుంది, అంతే. ఆరోగ్యవంతులు దీని గురించి బెంగపడనవసరం లేదు. గుండెజబ్బు ఉన్నవారికి మాత్రం ఆ 24 మంది కుర్రవాళ్ళ ఫలితాన్ని చూపి ధైర్యం చెప్పలేము.

కొందరికి దడ రాదు, కళ్ళు తిరుగుతాయి. రక్తం, దెబ్బలు చూడగానే నాడి ఒక్కసారిగా నెమ్మదించి, బి.పి. పడిపోయి, సొమ్మసిల్లుతారు. ఇది పిరికితనం కాదు. బలమైన మగవారు కూడా ఇలా పడిపోతారు, కాన్పు గది బయట మేము చూస్తూనే ఉంటాము. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. చుట్టూ మూగవద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయవద్దు. ఒకటి రెండు నిమిషాలలో తేరుకోవాలి. తేరుకోకపోయినా, ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉన్నా సినిమావల్ల అనుకుని కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి.

నవ్వవద్దు, బలవంతం చేయవద్దు

ఇంటిల్లిపాదీ కలిసి చూసినప్పుడు ఒకరు లేచి వెళితే మిగిలినవారు నవ్వడం మనకు అలవాటు. "సినిమాకే ఇంత భయమా?" అంటారు. మాకు తెలిసిన ఒక ఇంట్లో, ఇల్లాలి అక్కగారు చుట్టపుచూపుగా వచ్చి వారితో కూర్చుని చూశారు. బెల్టు చప్పుడు వినబడగానే లేచి దొడ్లోకి వెళ్ళారు. పిల్లలు, "పెద్దమ్మా, అయిపోయింది రా" అని రెండుసార్లు పిలిచి నవ్వారు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. నాలుగు రోజులు నిద్ర లేక తలనొప్పితో మా ఓ.పి.కి వచ్చారు. బి.పి. చూసే సిస్టర్ నెమ్మదిగా అడిగితే బయటపడింది. పెళ్ళైన కొత్తలో ఆరేళ్ళపాటు ఆమె వీపు మీద పడిన చప్పుడు అది. భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఆ చప్పుడు ఇంకా పోలేదు.

హింస అనుభవించినవారికి, పెద్ద ప్రమాదం నుండి బయటపడినవారికి ఇలాంటి దృశ్యం పాత గాయాన్ని ఉన్నదున్నట్టు తెరిచిపెడుతుంది. గుర్తుకు రావడం వేరు, మళ్ళీ అక్కడే ఉన్నట్టు అనిపించడం వేరు. చెమటలు, ఉలికిపాటు, పీడకలలు, ఏ చప్పుడు విన్నా గుండె జారడం ఒక నెల దాటినా తగ్గకపోతే వైద్యం అవసరం. ఆసుపత్రికి రావడానికి మొహమాటపడేవారు టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

పిల్లల సంగతి వేరే చెప్పాలా అంటే, చెప్పాలి. సినిమా సర్టిఫికెట్టులో యు.ఎ. అని ఉంటే పిల్లలకు ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. 2023లో చట్టం మార్చి యు.ఎ.ను 7 ఏళ్ళ పైవారికి, 13 పైవారికి, 16 పైవారికి అని మూడుగా విడదీశారు. అంతకు ముందు వచ్చిన సినిమాలకు ఆ అంకె ఉండదు, మీరే చూసి నిర్ణయించుకోవాలి. నిద్రపోయాడనుకున్న పిల్లవాడు దుప్పటిలోంచి చూస్తుంటాడు. పక్క తడపడం మళ్ళీ మొదలైందని తీసుకువచ్చిన పిల్లల విషయంలో, రాత్రి టి.వి.లో ఏమి నడుస్తోందని కూడా మేము అడుగుతాము.

అంత దెబ్బలు తిని మనిషి బతుకుతాడా?

చూసినవారు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. బతుకుతాడు, కొన్నిసార్లు మూడో రోజున ప్రాణం మీదికి వస్తుంది. లాఠీతో తొడల మీద, పిరుదుల మీద, వీపు మీద చాలాసేపు కొడితే ఎముక విరగకపోవచ్చు. లోపల కండ నలిగిపోతుంది. నలిగిన కండలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది, లేదా తగ్గిపోతుంది. పైకి కమిలిన చారలే కనబడతాయి గనుక ఇంట్లో పసుపు రాసి పడుకోబెడతారు. పోలీసు దెబ్బలే కానక్కరలేదు. ఊళ్ళో దొంగ అని కట్టేసి కొట్టినా, కాలేజీలో కొట్టుకున్నా, భర్త కొట్టినా ఇదే జరుగుతుంది. బాగా దెబ్బలు తిన్న మనిషి మూత్రం రంగు తప్పకుండా చూడండి. నల్లబడితే అదే గంటలో ఆసుపత్రికి తీసుకురండి. మొదట్లోనే సెలైన్ ఎక్కిస్తే చాలామందిలో మూత్రపిండాలు కోలుకుంటాయి. ఆలస్యమైతే డయాలిసిస్ దాకా పోవచ్చు. అరికాళ్ళ మీద కొట్టిన దెబ్బలు కూడా పైకి పెద్దగా కనబడవు, నడక నెలల తరబడి బాధపెడుతుంది.

కేసు కాగితాలు లేవని చికిత్స ఆపకూడదని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 1996లో డి.కె. బసు కేసులో, అరెస్టు చేసినవారి బంధువులకో స్నేహితులకో తెలియజేయాలని, నిర్బంధంలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరు పరీక్షించాలని చెప్పింది. చంద్రకుమార్ లాకప్‌లో ఉన్నప్పటికి ఈ తీర్పులు రాలేదు. మా దగ్గరకు గాయాలతో ఎవరు వచ్చినా, చెప్పినది చెప్పినట్టు, చూసిన గాయం చూసినట్టు, కొలతతో సహా రాస్తాము. "కాలుజారి పడ్డానని రాయండమ్మా" అని కొందరు బతిమాలతారు. వారు చెప్పినది వారి మాటగానే రాస్తాము, గాయం మాత్రం ఎలా ఉందో అలాగే రాస్తాము.

ఈ సినిమా చూసి బాధపడినవారిలో పోలీసు కుటుంబాలూ ఉన్నాయి. సంఘంలో ఒక హెడ్ కానిస్టేబుల్‌గారి భార్య, "మా ఆయన అలాంటివారు కాదు సిస్టర్, పిల్లలు ఇప్పుడు ఆయన వంక ఎలా చూస్తున్నారో" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సముద్రఖని పాత్ర గురించి ఆమె చెప్పినంత బాగా మాకు ఇంకెవరూ చెప్పలేదు. తప్పని తెలుసు, పైవాడు చెప్పాడు, కాదంటే తనకే ముప్పు. అలాంటి మనిషి ఇంటికి వచ్చి అన్నం ముందు ఎలా కూర్చుంటాడో తనకు తెలుసన్నారు. భర్తతో కలిసి ఆ సినిమా మళ్ళీ చూశారట. ఆయన మధ్యలో ఏమీ అనలేదు, అయిపోయాక డాబా మీదికి వెళ్ళి చాలాసేపు ఒంటరిగా కూర్చున్నారట. మరుసటి వారం ఆమె ఆయనను బలవంతాన తీసుకువచ్చారు. బి.పి. 170/110 ఉంది. డ్యూటీ వేళలు చెబుతూ, మూడేళ్ళుగా సరిగా నిద్ర లేదని డాక్టరుగారితో ఆయన మొదటిసారి చెప్పారు. ఇప్పుడు నెలకొకసారి వస్తున్నారు, మందు మానలేదు.