పంది పంటి మీద మిగిలిన గీత

ఆగ్నేయ టర్కీలో ఎర్గాని పట్టణానికి చేరువలో ఉన్న చాయోను తెపేసి అనే దిబ్బలో దొరికిన పంది దవడలను పరిశీలించినవారికి, అడవిపంది ఫలానా కాలంలో పెంపుడు పందిగా మారిందని చెప్పగలిగే స్పష్టమైన సరిహద్దు ఎక్కడా కనిపించలేదు. కనిపించినదల్లా తరాల తరబడి, ఎవరూ గమనించనంత మెల్లగా సాగిన మార్పు.

హాలెత్ చాంబెల్, రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్ 1964లో ఇక్కడ తవ్వకాలు ప్రారంభించారు. దాదాపు పది వేల ఏళ్ల నాటి ఈ గ్రామంలో ప్రజలు కుండలు చేయడం ఎరుగకముందే స్థిరపడి, పైర్లు పండించడం నేర్చుకున్నారు. ఇక్కడి పంది అవశేషాలపై ఆంటన్ ఎర్వింక్, కీత్ డాబ్నీ, హితోమి హోంగో, రిచర్డ్ మెడో 2001లో వెలువరించిన అధ్యయనం ఈ రంగంలో నేటికీ తప్పక చదవవలసినది.

వారు చదివిన ఆధారాలలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది పంటి మీది సన్నని గాడి. పంటిని కప్పి ఉండే గట్టి పూతైన ఎనామెల్, దవడలో పన్ను రూపొందుతున్నప్పుడే పొరలు పొరలుగా ఏర్పడుతుంది; ఆ సమయంలో జంతువు ఆకలికో జబ్బుకో గురైతే పూత పని కుంటుపడి, పంటికి అడ్డంగా గీత మిగులుతుంది. దీనినే లీనియర్ ఎనామెల్ హైపోప్లేసియా అంటారు. ఎముక జీవితాంతం తనను తాను సరిచేసుకుంటుంది గాని, ఎనామెల్‌కు ఆ శక్తి లేదు కనుక, పసితనంలో పడిన గీత పన్ను అరిగిపోయేదాకా చెరగదు. పన్ను పెరిగే క్రమం తెలిసినదే కాబట్టి, వేరు మొదలయ్యే చోటి నుంచి గీత ఎంత ఎత్తున ఉందో కొలిస్తే ఆ కష్టం ఏ వయసులో వచ్చిందో తేలుతుంది: మొదటి దవడపంటి మీద పుట్టుక, పాలు మానడం అనే రెండు ఘట్టాలు, రెండో దవడపంటి మీద తొలి శీతకాలపు తిండి కొరత గుర్తులుగా నిలుస్తాయి. పేరు లేని ఒక పందిపిల్ల ఏ చలికాలంలో పస్తులుందో ఇన్ని వేల ఏళ్ల తరువాత తెలియడం ఎంతటి అద్భుతమో వేరే చెప్పనవసరం లేదు.

గీతలతో పాటు దంతాల పరిమాణాన్నీ, అరుగుదలను బట్టి చంపబడిన వయసునూ పరిశీలించగా, కాలం గడిచేకొద్దీ పళ్లు చిన్నవవుతూ, లేత వయసులోనే కోతకు గురైన పందులు పెరుగుతూ వచ్చాయి. పాలకో ఉన్నికో పనికిరాని, మాంసం కోసమే పెంచే జంతువును ముదిరేదాకా మేపడంలో లాభం లేదు. అయితే ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పడం తొందరపాటే. ఇంతకన్నా పాతదైన హల్లాన్ చెమి గ్రామంలో లేత పందుల ఎముకలు ఎక్కువగా ఉన్నందున అక్కడ పెంపకం ఉండేదని 1990లలో వాదించారు. వేటగాళ్లు సైతం లేత జంతువులను ఎంచుకోగలరు కనుక ఆ వాదాన్ని అనుమానంతో చూడడమే సబబు. చాయోనులో అనేక ఆధారాలు ఒకే దిశగా నెమ్మదిగా కదలడం వల్లనే ఆ అధ్యయనానికి అంతటి బలం చేకూరింది.

మరికొన్ని ఎముకలు

సైప్రస్ దీవిలో అడవిపందులు సహజంగా లేవు. అయినా అక్రోతిరి వద్ద 11,000 ఏళ్లకు పైబడిన పంది ఎముకలు దొరికాయంటే, పెంపకానికి ఎంతో ముందే మనుషులు వాటిని సముద్రం దాటించారన్నమాట.

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, జియాహు వద్ద దొరికిన దవడపళ్ల ఆకారాన్ని కొలిచినవారు, అక్కడ 8,000 ఏళ్ల కిందటికే పెంపకం ఉందని నిర్ధారించారు. అది పశ్చిమాసియాతో నిమిత్తం లేకుండా సాగినది.

యూరప్‌కు తొలి రైతులు పశ్చిమాసియా పందులనే తోలుకువెళ్లారనీ, తరువాత వాటి తల్లివైపు వంశం అంతరించి స్థానిక అడవిపందుల వంశమే నిలిచిందనీ 2007లో పురాతన డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి.