తాబేటిపిల్లకు జబ్బు చేసినప్పుడు

సహారా యెడారికి దక్షిణమున సాహెల్ అని పిలువబడు బయళ్లలో, నేలను లోతుగా త్రవ్వి బొరియలలో నివసించు సల్కాటా యను తాబేలు, పెరిగి పెద్దదైన పిమ్మట 40 కిలోలకు మించి తూగు మహాకాయమే యైనను, గ్రుడ్డు నుండి వెలువడిన దినమున సుమారు 5 సెంటీమీటర్ల పొడవు మాత్రమే యుండును. అమెరికాదేశమున దీని పిల్లలను ముచ్చటపడి యిండ్లలో పెంచువారు పెక్కుమంది కలరు. అట్టి పిల్ల మేత ముట్టక, కన్నులు మూసికొని, మూల నొదిగి యున్నప్పుడు, దానికేదైన బలవంతముగా తినిపింపవలెనని గాని, మందు వేయవలెనని గాని పెంచువారికి తోచుట సహజము. కాని దానికి మొట్టమొదట వలసినవి వేడిమియు, నీరును. తక్కిన చికిత్స యంతయు వీని తరువాతనే.

మన దేహము తన వేడిని తానే పుట్టించుకొనును; తాబేలో, వెలుపలి నుండి గ్రహించిన వేడితోనే బ్రదుకును. పరిసరములు చల్లబడినచో దాని గుండె మందగించును, జీర్ణరసములు పనిచేయవు, రోగక్రిములతో పోరాడు రక్తకణములు సైతము జడత్వము వహించును. అట్టి స్థితిలో మేత పెట్టుట చల్లారిన పొయ్యిమీది కుండలో బియ్యము పోయుట వంటిది: లోనికి పోయిన యాహారము పచనము గాక ప్రేగులలోనే క్రుళ్లును. సరీసృపములకు వేడిమి యెంతటి రక్షయో 1975లో మిచిగన్ విశ్వవిద్యాలయమున మాథ్యూ క్లూగరును ఆయన సహచరులును స్పష్టముగా నిరూపించిరి. ఎడారి యిగువానాలను బల్లులకు రోగక్రిములను ఎక్కించి వేర్వేరు ఉష్ణోగ్రతలలో నుంచగా, 34 డిగ్రీల వద్ద నున్నవి దాదాపుగా అన్నియు మరణించినవి. 42 డిగ్రీల వద్ద నున్నవానిలో అధికభాగము జీవించినవి. తాబేటిపిల్లకు అంతటి వేడి తగదు. దాని పెట్టెలో ఒక కొసను దీపము క్రింద 32 మొదలు 35 డిగ్రీల వరకును, రెండవ కొసను అంతకంటె చల్లగాను ఉంచి, ఏది యెప్పుడు కావలయునో పిల్లనే యెన్నుకొననీయవలెను; రోగము తీరువరకు రాత్రులయందును 26 డిగ్రీలకు దిగువకు పోనీయరాదు.

ఇక నీటి విషయము. ఎడారిజంతువునకు తేమ యెందులకను భ్రమ యెన్ని పిల్లలను బలిగొనుచున్నదో తలచిన మనస్సు కలుక్కుమనును. బయట గాలి నిప్పులు చెరుగుచున్నను బొరియలోని గాలి చెమ్మగనే యుండును. పసికూనలు పెరుగునది ఆ చెమ్మలోనే. దీపము క్రింద ఎండు గాజుపెట్టెలో నుంచిన పిల్ల, కాయమల్పమగుటచే, మనము కనుగొనకమునుపే ఎండిపోవును. ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు వీస్నరు, ఈబెనులు సల్కాటా పిల్లలను వేర్వేరు తేమలలో పెంచి 2003లో ప్రకటించిన ఫలితములను బట్టి, డిప్పమీద గుట్టలు గుట్టలుగా బొడిపెలు లేచుటకు ముఖ్యకారణము పొడిగాలియే గాని, మేతలోని మాంసకృత్తులు గావు. కావున రోగపుపిల్లను ప్రతిదినమును పదునైదిరువది నిమిషములు గోరువెచ్చని నీటిలో నిలుపవలెను. నీరు గడ్డమును దాటరాదు. అది తల వంచి త్రాగుటయు, తెల్లని సున్నపుముద్ద వంటి మూత్రమును విడుచుటయు చూచితిమేని కొంత ధైర్యము చెప్పుకొనవచ్చును.

ముక్కు నుండి బుడగలు వచ్చినను, నోరు తెరచి ఊపిరి తీయుచున్నను జాగు చేయరాదు. తాబేటికి మనవలె ఉదరవితానము లేదు. ప్రక్కటెముకలు డిప్పతో నతుకుకొని యున్నందున ఱొమ్ము విప్పారదు. దగ్గి కఫమును వెడలగ్రక్కు శక్తియు స్వల్పమే. ఊపిరితిత్తులలో చేరిన చీము అక్కడనే నిలిచిపోవును. సరీసృపముల నెరిగిన పశువైద్యుడే దీనికి దిక్కు. మనుష్యులు వాడగా ఇంటిలో మిగిలిన మందులు వేయుట ప్రాణాంతకము కావచ్చును. మాసములు గడచినను డిప్ప మెత్తబడియే యుండిన, ఖటికము కొరవడినదని తెలియవలెను. ఖటికమును ఒంటబట్టించు డి విటమిను అతినీలలోహిత కిరణములు సోకిననే చర్మమున పుట్టును. కిటికీ యద్దము ఆ కిరణములను అడ్డగించును గనుక గాజుచాటు ఎండ నిష్ప్రయోజనము.

మన రాయలసీమ పొదలలో తిరుగు నక్షత్రపు తాబేలును మాత్రము ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. గాయపడినదో, జబ్బుపడినదో మీ కంటబడినచో, ఇంటికి గొనిపోక, అటవీశాఖవారికి వెంటనే తెలుపుడు.