పతకం ఎవరి రొమ్ము మీద?

తూర్పు జర్మనీలో ఫ్యాక్టరీ కార్మికుల చేతికి ప్రభుత్వమే తుపాకులిచ్చింది. 1953 జూన్ 17న తూర్పు బెర్లిన్‌లో పని కోటా పెంచారని కార్మికులు రోడ్డెక్కారు. సోవియట్ ట్యాంకులు దిగితే గానీ అల్లర్లు అణగలేదు. ఆ ఏడాదే ‘శ్రామికవర్గ పోరాట దళాలు’ పుట్టాయి. షిఫ్టు దిగాక, సెలవు రోజుల్లో కవాతు, తుపాకీ శిక్షణ. 1961 ఆగస్టు 13న బెర్లిన్ సరిహద్దు మూసినప్పుడు కాపలాకు నిలబడ్డవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఇన్నేళ్లు సేవ చేసినందుకు ఇంత అని సర్వీసు లెక్కన పతకాలు పంచారు. 1956 తిరుగుబాటు చల్లారగానే హంగరీ కూడా ఇదే దారి పట్టింది. ఆ పతకం మెచ్చుకున్నది కార్మికుడి తెగువను కాదు, విధేయతను. యంత్రం ముందు బతుకంతా గడిపిన మనిషికి నలుగురిలో దక్కిన ఆ మన్నన చిన్నదా అని అడగవచ్చు. చిన్నది కాదు. కానీ జూన్ 17న రోడ్డెక్కినవాళ్లూ కార్మికులే, వాళ్లలో ఎందరికో దక్కింది జైలు.

ప్రభుత్వం పిలవకుండా తుపాకీ పట్టిన శ్రమజీవుల సంగతి మన తెలంగాణ చెబుతుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో దళాల్లో నడిచినవాళ్లు కూలీలు, పేద రైతులు, వెట్టి చేసినవాళ్లు. దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల రివార్డు ఉండేది. నాటి నాయకుడు రావి నారాయణరెడ్డికి 1992లో పద్మవిభూషణ్ వచ్చింది కదా అంటారు. వచ్చింది, ఆయన కన్నుమూసిన మరుసటి ఏడాది. పైగా ఆయన 1952లోనే పార్లమెంటుకు గెలిచిన, పేరున్న మనిషి. పేరు లేనివాళ్ల సంగతి వేరు. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కు సాధారణంగా జైలు రికార్డో, వారంటు కాగితమో అడిగేవారు. రాత్రిళ్లు దళానికి అన్నం మూట మోసిన ఆడమనిషి పేరు ఏ పోలీసు కాగితంలో ఉంటుంది? దొరక్కుండా పని చేయడమే ఆమె ఘనత, దానికే ఆమె అనర్హురాలైంది. హైదరాబాదు భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు తరువాత దళాలు భారత సైన్యం మీదే పోరాడాయన్న అభ్యంతరం బరువైనదే. అయితే నిజాం మీద, రజాకార్ల మీద అంతకుముందు చేసిన పోరు దానితో చెరిగిపోదు.

తమిళనాడులో గుడియాత్తానికి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని వేలూరు కోటలో ఇదే లెక్క ఇంకా పాతది. 1806 జులై 10న ఈస్టిండియా కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి గుర్రాల మీద వచ్చి అణచిన బ్రిటిష్ అధికారి గిలెస్పీకి కంపెనీ బహుమతి ఇచ్చింది. సిపాయిల్లో కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు, కొందరిని ఉరి తీశారు. రెండు వందల ఏళ్లకు, 2006లో ఆ తిరుగుబాటు గుర్తుగా తపాలా బిళ్ల విడుదలైంది. బిళ్ల సరే, పేర్లేవి? కంపెనీ జరిపిన విచారణ కాగితాల్లోంచి దొరికినన్ని పేర్లు ఏరి, కోట గోడ మీద తమిళంలో, తెలుగులో, ఉర్దూలో చెక్కించాలి. గుడియాత్తంలో మగ్గం ముందు కూర్చునేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు తమ పిల్లలకు ఆ పేర్లు చదివి వినిపించగలగాలి.