చీకటి పడేదాకా ఆగాల్సిందేనా?

మరుగుదొడ్ల గురించి పేపర్లో రాయడమేమిటని మా పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. మగవాళ్లకంటే మన ఆడవాళ్లని ఎక్కువగా బాధపెట్టే విషయం ఇది. మనమే మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు చెప్పండి?

గోదావరి సముద్రంలో కలిసే చోట భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్లున్నాయి. 1996 నవంబరు 6 తుపానుకి బాగా దెబ్బతిన్న ఊళ్లు అవి. కాకినాడ దగ్గర ఉప్పాడలోనైతే సముద్రం ఏటా ఒడ్డుని కోసేస్తూ ఇళ్లనే మింగేస్తోంది. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే ఇలాంటి చోట్ల పెరడన్న మాటే ఉండదు. ఇంట్లో దొడ్డి లేని ఆడవాళ్లు తెల్లారకముందో, పొద్దుగూకాకో వెళ్లాలి. అందుకని పగలు మంచినీళ్లు తాగడమే తగ్గించేస్తారు. దాంతో మూత్రంలో మంట, మలబద్ధకం. ఇక నెలసరి రోజుల్లోనూ, నిండు చూలాలిగా ఉన్నప్పుడూ పడే అవస్థ చెప్పనక్కర్లేదు.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్‌లో ఒక్కో మరుగుదొడ్డికి 12 వేల రూపాయలు ఇచ్చారు. 2019లో పల్లెల్లో ఆరుబయటికి వెళ్లడం పోయిందని ప్రకటించారు కూడా. చాలా ఇళ్లకు మేలు జరిగింది, కాదనను. కానీ గది కట్టినంత మాత్రాన సరిపోదు కదా! మన డెల్టాలో వానాకాలం కాస్త తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అక్కడ లోతుగా గొయ్యి తీస్తే ఆ మురుగు భూమిలో నీటితో కలిసి పక్కనున్న బోరింగులోకి చేరుతుంది. ఆ నీళ్లే పిల్లలు తాగితే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రాక ఏమవుతుంది?

అందుకే కట్టేటప్పుడే ఇవి అడగండి. లోతు తక్కువగా, సిమెంటు ఒరలతో రెండు గోతులు ఉండాలి. నీరు పైకే ఉండే చోట గోతుల్ని నేలకంటే ఎత్తులో కట్టి చుట్టూ మట్టి పోయించాలి. బోరింగుకి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఒక గొయ్యి నిండాక మూసేసి రెండోది వాడితే, మూసినది రెండేళ్లలో ఎరువవుతుంది. అంత చోటు లేకపోతే నాలుగైదు ఇళ్లకి కలిపి సెప్టిక్ ట్యాంకు కట్టించమనొచ్చు. అది నిండాక తోడిన మురుగుని కాలవలో పోయనివ్వకూడదు. దొడ్డికి నీళ్లు మోసేదీ మనమే కాబట్టి కుళాయి కూడా దగ్గర్లోనే ఉండాలని పట్టుబట్టాలి.

మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లకే కేటాయించారు. ఆ కుర్చీలో కూర్చున్న మన సర్పంచమ్మలు, వార్డు మెంబర్లు సిగ్గుపడకుండా ఈ మాటెత్తాలి. గ్రామసభకి మగవాళ్లని పంపి మనం ఇంట్లో కూర్చుంటే, గొయ్యి ఎక్కడ తవ్వాలో వాళ్లే తేలుస్తారు. ఈసారి నలుగురూ కలిసి వెళ్లండి.