గ్రుడ్లు మానిన పెట్టలు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గ్రామములలో పెరటికోళ్లవలన వచ్చు పైకము సాధారణముగా ఇంటి స్త్రీల చేతిది. ఉప్పుపప్పులకును, పిల్లల పుస్తకములకును అక్కరకు వచ్చు ఈ సొమ్ము వైశాఖ జ్యేష్ఠములలో ఆగిపోవుట పలువురకు అనుభవమే. కోడి చూచుటకు ఆరోగ్యముగనే యుండును, తిరుగును, మేయును, గ్రుడ్డు మాత్రము పెట్టదు. అంతట ముదిరినదని తలంచి బేరగాడు చెప్పిన ధరకు ఇచ్చివేయుదురు. ఇట్లు అమ్ముడుపోయినవానిలో రెండు మాసములు తాళినచో మరల పెట్టదగినవి పెక్కు గలవని మా తలంపు.

మొదట తేల్చుకొనవలసినది, పెట్ట నిజముగా మానినదా, చాటున పెట్టుచున్నదా యనునది. విడిచిన కోడి వామి క్రిందనో, సర్కారుతుమ్మ పొదలోనో, గొర్రెలదొడ్డి మూలనో గూడు చేసికొనును. దానిని ముంగిసయో పామో కనిపెట్టినచో మనకు పెంకైనను దొరకదు. కోళ్లు చాలవరకు ఉదయముననే పెట్టును గనుక, మూడునాలుగు దినములు ప్రొద్దున పదిగంటలవరకు నీడపట్టున గంపక్రింద మూసి, నీరును మేతయు అందే యుంచి చూచినచో సంగతి బయటపడును.

మన యిండ్లలోని పెద్దవారు తెల్లవారుజామున పెట్టను పట్టి, తోకక్రింద తడిమి, నేడు గ్రుడ్డు కలదో లేదో చెప్పుదురు. ఇది వట్టి నమ్మకము కాదు. గ్రుడ్డు తయారగుటకు సుమారు 25 గంటలు పట్టును. అందు 20 గంటలు పెంకు గట్టిపడుటకే చెల్లును. కావున ఆనాడు పెట్టవలసిన గ్రుడ్డు వేకువకు చేతికి గట్టిగా తగులును. ఆ తడుముటలోనే మరియొకటియు తెలియును. గ్రుడ్డు వెలువడు చోట ఇరుప్రక్కల సన్నని యెముకల మొనలు రెండు గలవు. గ్రుడ్లు పెట్టుచున్నదానికి వాని నడుమ రెండు మూడు వ్రేళ్లు పట్టును. మానినదానికి ఒక వ్రేలు పట్టుటయే కష్టము. తలమీది జుట్టు కూడ పాలిపోయి ముడుచుకొని యుండును.

నాటుపెట్ట విషయమున తరచుగా కారణము పొదుగే. 10 మొదలు 15 వరకు గ్రుడ్లు పెట్టి, 21 దినములు పొదిగి, పిల్లలను రెండు మూడు మాసములు వెంట త్రిప్పుకొనుట దాని స్వభావము. అందుచేతనే ఏటికి 50, 60 గ్రుడ్లకు మించి యరుదుగా ఇచ్చును. పిల్లలు కావలసినవారికి ఇదియే లాభము. గ్రుడ్లే కావలెనన్న, పొదుగునకు వచ్చిన పెట్టను గూటినుండి తీసి, క్రిందనుండి గాలి యాడునట్లు కఱ్ఱలు పేర్చిన పంజరమున నీరు, మేత యిచ్చి నాలుగు దినములు ఉంచిన చాలును; రెండు మూడు వారములకు మరల పెట్టసాగును. ముక్కున ఈక గ్రుచ్చుట, నీట ముంచుట క్రూరమైన పనులు, అక్కరయు లేదు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనసంస్థవారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకములకు పొదుగు స్వభావము మిక్కిలి తక్కువ గనుక, అవి మానినచో మేత, నీరు, ఎండ చూడవలెను.

శీతలదేశముల గ్రంథములు పగటి కొఱతను ముఖ్యకారణముగ జెప్పును. కోడికి 14 గంటల వెలుతురు మేలనుట నిజమే. అయితే లండనులో డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు తగ్గిపోవును. ఉదయగిరిలో 11 గంటలకు తగ్గదు. మనకు దీపముకంటె నీడ ముఖ్యము. కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటచేతనే వేడిని పోగొట్టుకొనును. ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో మేత తగ్గించును. దానితో గ్రుడ్లు తగ్గును, పెంకు పలుచనగును. ఒక్క పగలు నీరు లేకున్నను కొన్ని దినములు గ్రుడ్లు ఆగవచ్చును. మట్టిమూకుడు నీడన పెట్టి, రెండు మూడు సారులు నీరు మార్చి, మేత చల్లని వేళలందే వేయవలెను.

మేత విషయము కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఒక గ్రుడ్డు పెంకునకు గ్రామున్నర మొదలు రెండు గ్రాముల సున్నపు ధాతువు కావలెను. కిలో జొన్నలలో అది అరగ్రామైనను లేదు. ఆశ్వయుజ కార్తీకముల వానలకు పురుగులు, చెదలు విరివిగా దొరకును గనుక మాంసకృత్తుల కొఱత యుండదు. వేసవిలో అవియు లేవు. ఆత్మకూరువైపు సోమశిల నీటిక్రింద వరి పండు గ్రామముల కళ్లములలో గింజ కావలసినంత దొరకును. అచ్చట కొఱత పురుగునకు, సున్నమునకు. ఉదయగిరి కొండ క్రింది మెట్టలలో గింజయు కొఱతయే. బూజు పట్టని వేరుసెనగ చెక్క కొంచెము, వేరుగ ఒక చిప్పలో ఆలుచిప్పల పొడి పెట్టినచో చాలవరకు తీరును. తడిపిన గడ్డి, పేడ నింపిన కుండను చెదలున్న చోట రాత్రి బోర్లించి, ఉదయము కోళ్లముందు దులుపుట ఖర్చు లేని యుపాయము.

పెట్ట ఏటికొకసారి ఈకలు రాల్చును. ఈక యంతయు మాంసకృత్తులే గనుక, క్రొత్త ఈకలు వచ్చు రెండు మూడు మాసములు గ్రుడ్డునకు మిగులదు. బోడిమెడతో వికారముగ నుండు ఈ కాలముననే బేరగాని కంట పడును. అప్పుడమ్మరాదు. మూడేండ్లు దాటి, ఈకలు వచ్చిన పిమ్మటను పెట్టనిదానిని అమ్ముకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్కటిగ మానిన కోళ్ల సంగతి. మంద యంతయు ఒక్కసారి మానినను, మెడలు వంకరపోయినను, ఆకుపచ్చని విరేచనములైనను కొక్కెర తెగులని అనుమానింపవలెను. 2024 ఫిబ్రవరిలో మన జిల్లా పొదలకూరు, కోవూరు మండలములలో పక్షిజ్వరము కనబడినది. అట్టి సమయమున కోళ్లను అమ్మక, కోయక, పొరుగూరికి పంపక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. చచ్చినవానిని వట్టిచేతులతో ముట్టరాదు. వైద్యులు చెప్పిన ప్రకారము లోతుగా గొయ్యి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను.