పొద్దుతిరుగుడు పువ్వులో గింజల అమరిక – స్వర్ణ కోణం

పొద్దుతిరుగుడు పువ్వులోని గింజలు వంపు తిరిగిన వరుసలలో అమరి ఉంటాయి. ఈ సర్పిల వరుసలు కొన్ని గడియారపు ముల్లు తిరిగే దిశలోను, మరికొన్ని దానికి వ్యతిరేక దిశలోను సాగుతాయి. పువ్వు అంచు వద్ద రెండు దిశల వరుసలను లెక్కించినప్పుడు తరచుగా 34, 55 లేదా 55, 89 అనే సంఖ్యల జంటలు లభిస్తాయి. దీనిని ప్రకృతి రహస్యంగా వర్ణించడం పరిపాటి. కాని ఇది మొక్క పెరిగే తీరు వలన ఏర్పడే ఫలితం. అందువల్లనే దీనికి మినహాయింపులు కూడా ఉన్నాయి.

పై సంఖ్యలు 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89... అనే శ్రేణికి చెందినవి. ఇందులో మూడవ సంఖ్య మొదలుకొని ప్రతిదీ తన ముందున్న రెండు సంఖ్యల మొత్తం. 1202లో వెలువడిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి గ్రంథం వలన దీనికి ఆయన పేరు వచ్చింది. అంతకు ముందే భారతీయ ఛందశ్శాస్త్రజ్ఞులు ఈ శ్రేణిని ఎరుగుదురు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఆ లెక్కన నాలుగు మాత్రలను 5 విధాలుగా, ఐదు మాత్రలను 8 విధాలుగా కూర్చవచ్చు. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ నియమాన్ని స్పష్టంగా పేర్కొన్నాడు.

ఈ శ్రేణిలో పక్కపక్క సంఖ్యల నిష్పత్తి క్రమంగా 1.618కి చేరువవుతుంది. ఇదే స్వర్ణ నిష్పత్తి. వృత్తంలోని 360 డిగ్రీలను ఈ నిష్పత్తిలో విభజిస్తే వచ్చే చిన్న భాగం సుమారు 137.5 డిగ్రీలు. దీనిని స్వర్ణ కోణం అంటారు. గింజలు వరుసగా 120 డిగ్రీల ఎడంతో ఏర్పడితే అవన్నీ మూడు గీతలలోనే చేరుతాయి. 90 డిగ్రీలైతే నాలుగు గీతలలో చేరుతాయి. మధ్య స్థలం వృథా అవుతుంది. స్వర్ణ నిష్పత్తి ఒక కరణీయ సంఖ్య. చిన్న భిన్నాలకు అంత సులువుగా ఒదగదు. కనుక స్వర్ణ కోణంతో ఏర్పడే గింజలు ఒకే గీతలోకి రాక, స్థలమంతటా సమంగా సర్దుకుంటాయి.

మొక్క ఈ కోణాన్ని కొలవదు. కొత్త అంకురం, ముందు పుట్టిన అంకురాల మధ్య ఎక్కువ ఖాళీ ఉన్న చోట పుడుతుందని 1868లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ ప్రతిపాదించాడు. పెరుగుతున్న అంకురం తన చుట్టూ ఉన్న ఆక్సిన్‌ను గ్రహించడం వలన దాని సమీపంలో మరొక అంకురం ఏర్పడదని తరువాతి పరిశోధనలు తెలిపాయి. 1992లో ఫ్రాన్స్ భౌతికశాస్త్రజ్ఞులు డువాడీ, కూడెర్ అయస్కాంత ద్రవపు బిందువులతో ఇటువంటి సర్పిలాలనే సృష్టించారు. ఒకదానినొకటి నెట్టుకునే బిందువులలో కూడా అదే అమరిక వచ్చినందున, దీనికి మూలం స్థలం కోసం జరిగే సర్దుబాటేనని అర్థమవుతుంది.

సర్దుబాటు అన్నిసార్లు ఒకే విధంగా జరగదు. 2012లో బ్రిటన్‌లోని మాంచెస్టర్ కేంద్రంగా ప్రజల భాగస్వామ్యంతో పొద్దుతిరుగుడు పూల లెక్కింపు జరిగింది. 657 పూల నుండి లభించిన 768 వరుసల లెక్కలలో 565 మాత్రమే ఫిబొనాచ్చి సంఖ్యలు. అంటే సుమారు 74 శాతం. మిగిలిన వాటిలో ఫిబొనాచ్చి సంఖ్యకు ఒకటి తక్కువగా ఉన్నవి, ఏ శ్రేణికీ చెందనివి కూడా ఉన్నాయి. 54 వరుసలు కనిపించినప్పుడు 55 అని నమోదు చేసే విద్యార్థి ఈ సమాచారాన్నే పోగొట్టుకుంటాడు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సర్పిలాలు గింజకు చోటు చూపుతాయే గాని గింజ నిండడానికి హామీ ఇవ్వవు. చిరుపుష్పాలు అంచు నుండి కేంద్రం వైపు ఏర్పడి, అదే క్రమంలో వికసిస్తాయి. కేంద్రంలోనివి చివరివి కావడం వలన నీటి ఎద్దడి, బోరాన్ లోపం, పరాగ సంపర్కం కొరవడడం వంటి కారణాలతో అక్కడ తాలు గింజలు ఎక్కువగా ఏర్పడతాయి. ఆకర్షక పత్రాలు విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ పిచికారి చేయడం, పూత దశలో నీటి ఎద్దడి లేకుండా చూడడం, తేనెటీగలకు హాని కలిగించే మందులను ఆ సమయంలో వాడకపోవడం అవసరం. వరుసల సంఖ్యతో పాటు కేంద్రంలోని తాలు గింజలను కూడా లెక్కించినప్పుడే పువ్వు పరిశీలన రైతుకు ఉపయోగపడుతుంది.