‘ప్రవాహ’ అంటే వరదని ఇంట్లో చెప్పండి

నారాయణపూర్ గేట్లు ఎత్తినప్పుడు మన శక్తినగర్‌కు వచ్చే హెచ్చరిక కన్నడంలో ఉంటుంది. అందులో ‘ప్రవాహ’ అని రాస్తారు. అక్కడ దానర్థం వరద. తెలుగు చదువుకున్న అవ్వ మాత్రం కృష్ణ పారుతోంది కాబోలు అనుకుంటుంది. రోజూ పారేదే కదా! ముంపు బాధితులకు తెరిచే ‘కాళజి కేంద్ర’ సంగతీ అంతే. కాళజి అంటే ఆలనాపాలన. తెలియనివారికి అదేదో ఆఫీసు పేరు. లిపి దగ్గరిదే గనుక కూడబలుక్కుని చదివేస్తాం, అర్థం దగ్గరే తేడా వస్తుంది.

ఒక వానాకాలం కుళాయి నీళ్లు ఆపేస్తామన్న కబురు మా వీధివాళ్ల ఫోన్లకు వచ్చింది. పెద్దలు చూసి వదిలేశారు. మా ఐదో తరగతి అమ్మాయి ఇంటింటికీ వెళ్లి తెలుగులో చెప్పాకే బిందెలు నిండాయి. అంతవరకు కన్నడం పాఠం మార్కుల కోసమేనని నేనూ అనుకునేదాన్ని.

వరదలో తాగునీటికి కరువు రావడం వింతేమీ కాదు. 1720 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కనే ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ నీరు చేరితే జెస్కాం వాళ్లు కరెంటు తీసేయాల్సిందే. దానికి వాళ్లను తిట్టకూడదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ట్యాంకు నిండదు, సెల్ టవర్ బ్యాటరీ ఉన్నంతసేపే పనిచేస్తుంది. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు కరెంటు, తాగునీరు, రోడ్డు అన్నీ ఒక్కసారే పోయాయి. మన రాయచూరు జిల్లా పల్లెలూ అప్పుడు దెబ్బతిన్నాయి. 2019 ఆగస్టులో నారాయణపూర్ నుంచి 6 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు.

దేవసూగూరు వంతెన దాటితే తెలంగాణ. అటు కబురు తెలుగులో, ఇటు కన్నడంలో. నది ఒకటే, చుట్టాలు రెండు ఒడ్డులా ఉన్నారు. అటువైపు టీచర్ల ఫోన్ నంబర్లు మన దగ్గర ఉంటే తప్పేముంది?

జూన్‌లో జరిగే ఎస్‌డీఎంసీ సమావేశానికి లైన్‌మన్‌ను, నీళ్లు వదిలే అతన్ని, ఆశా కార్యకర్తను పిలుద్దాం. నోటీసు వస్తే ఎవరు తెలుగు చేయాలో అక్కడే తేల్చుకోవాలి. అధికారిక నోటీసునే సుమా, పుకారును కాదు. నెలలు నిండినవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు. బిసియూట బియ్యం బస్తాలు నేలమీద కాక బల్లలమీద పెట్టాలి. ఆశ్రయానికి బడి తెరవాల్సి వస్తే, తాళం చెవి ఒకటి ప్రధానోపాధ్యాయుడి దగ్గర, ఇంకొకటి వంటమ్మ దగ్గర ఉండాలి. బడికి దగ్గరగా ఉండేది ఆమే.